వెన్నిచ్చిన వీరుడు

సమస్త కెమెరా సమ్మోహన మూర్తులూ, నిరంతర స్వదర్శన వ్రత పరాయణులూ, రీల్సు రాజ్య పట్టాభిషిక్తులూ, ఫాలోయర్ల పాలిటి పున్నమి చంద్రులూ, అరచేతి అద్దమే అంతఃపురంగా వెలసిన అపర మన్మథులూ అయిన శ్రీ సెల్ఫీ సార్వభౌముల వారి సముఖానికి, శిల్పాలు చూడడానికి ఊళ్లు తిరిగే ఒక యాత్రికుడు చేతులు జోడించి చేసుకునే విన్నపం.

యుద్ధంలో వెన్నిచ్చినవాణ్ణి లోకం ఏనాడూ క్షమించలేదు. పారిపోయి ఇంటికొస్తే తల్లి తలుపు తీయలేదు, భార్య నీళ్లు తోడలేదు, కవులు పేరెత్తలేదు. ఆ మాటకు పట్టిన మచ్చను కడిగేసిన మహానుభావులు తమరు. ఎక్కడ శిల్పం ఎదురైతే అక్కడ గిరుక్కున తిరిగి దానికి వెన్నిచ్చి, చేయి చాచి, గడ్డం కాస్త దించి, పెదవి ఓ మూలకు నొక్కి, ఆ వెన్నిచ్చిన భంగిమతోనే లక్షల మందిని వెంట తిప్పుకుంటున్న వీరులు చరిత్రలో తమరు తప్ప వేరొకరు లేరు.

తమరు పాలంపేటకు వేంచేసిన ఉదయం నేనక్కడే ఉన్నాను. వరంగల్ నుంచి దాదాపు 70 కిలోమీటర్లు ప్రయాణం చేసి వచ్చి, కారు దిగీ దిగగానే గుడి వంక చూసే తొందరపాటు తమరిలో లేదు. అది మాలాంటి సామాన్యుల బలహీనత. తమరు ముందుగా వెలుతురు ఎటు పడుతోందో చూశారు, తమ ముఖం మీద. కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో నిలిపిన గుడి అది. కట్టడానికి నలభై ఏళ్లు పట్టిందని చెప్పుకుంటారు. కట్టించిన దొర పేరూ, లోపల వెలసిన రామలింగేశ్వరుడి పేరూ పక్కన పెట్టి, చెక్కిన రామప్ప పేరుతోనే జనం పిలుచుకుంటున్నారని వాడుక. 2021 జులైలో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. తెలుగు నేల మీద ఆ గౌరవం దక్కిన మొదటి కట్టడం. ఎనిమిది వందల ఏళ్లుగా ఇన్ని ఉండీ దానికి ఒక్క లోటు ఉండిపోయింది: ముందు వరసలో తమరి చెక్కిలి. ఆ లోటు తమరు ఆ పూట తీర్చారు.

అక్కడ నంది ఉంది. ఎటు నిలబడి చూసినా మనవైపే చూస్తున్నట్టుంటుంది దాని చూపు. గైడ్లు ఇష్టంగా చూపించేది ఆ చూపునే. మెడలో గంటల పేరు, మువ్వల పట్టెడ, ఒక్కో పూసా వేలితో తడిమితే లెక్కకొచ్చేంత పనితనం. ఎవరు వచ్చినా పలకరించే ఆ చూపుకు తమరు వీపు అప్పగించారు. నంది కొమ్ముల సందులోంచి శివుణ్ణి దర్శించాలని మన పెద్దలు పెట్టిన ఆచారం. ఆ సందులో తమరి ముఖమే నిండుగా వెలుగుతుంటే శివుడి కోసం కళ్లు చికిలించుకునే శ్రమ మాకు తప్పింది. దేవుణ్ణి ఇంత దగ్గరకు తెచ్చిన భక్తుణ్ణి నేను ఇంతకు మునుపు చూడలేదు.

పైన, చూరు కింద ఏటవాలుగా నిలిచిన మదనికలు పన్నెండుగురు. గుడి ఎర్రటి ఇసుకరాయి అయితే వాళ్లది నునుపు తేలిన నల్లరాయి. ఒకామె ఒంటిని పాములు చుట్టుకున్నాయి. ఇంకొకామె పాదాలకు ఎత్తు మడమల చెప్పులున్నాయి. ఉలి అంచు ఎక్కడ ఆగిందో, రాయి ఎక్కడ నడుము మడతగా మారిందో పోల్చుకోవాలంటే మెడ నొప్పెట్టేదాకా కింద నిలబడాలి. పొద్దు జరిగే కొద్దీ నీడ జరిగి, ఉదయం కనిపించని మోకాలి నగ మధ్యాహ్నానికి కనిపిస్తుంది. తమరు మెడను అంత కష్టపెట్టలేదు. మెడ అన్నది తమరికి ఆస్తి, దాన్ని ఏ కోణంలో తిప్పితే రెండో గడ్డం మాయమవుతుందో తెలిసిన శాస్త్రవేత్తలు తమరు. ఆ ఎత్తు మడమల సుందరి తమరి చెవి పక్కన మసక మసకగా, పోర్ట్రెయిట్ మోడ్ కరుణించిన మేరకు, ఒక నల్లటి మరకలా మిగిలింది. అంత అందగత్తె అంత అణకువగా ఉండడం ఆ ఫోటోలోనే మొదటిసారి.

గుడి శిఖరానికి నీటి మీద తేలే ఇటుకలు వాడారు. కింది పునాదిని ఇసుకతో నింపి భూకంపానికి తట్టుకునేలా పెట్టారు. ఆ కాలపు మేస్త్రీలు రెండే ఉపద్రవాలు ఊహించారు, పై బరువూ, కింది కుదుపూ. పక్కనుంచి సెల్ఫీ కర్ర వస్తుందని వాళ్ల లెక్కల్లో లేదు. ఇక తేలికదనం మాటకొస్తే, ఆ ఇటుకలు తమరి వ్యాఖ్యానం ముందు సీసపు దిమ్మెలు. 'గయ్స్, వైబ్ మాత్రం మామూలుగా లేదు' అని తమరు సెలవిచ్చిన ఆ ఒక్క వాక్యంలో కాకతీయులూ, రేచర్ల వారూ, రామప్పా, నలభై ఏళ్ల చెమటా ఇమిడిపోయాయి. ఇంకా చోటు మిగిలితే అందులో తమరు తలకు రాసుకునే నూనె కంపెనీ పేరు కూడా పట్టింది.

శిల్పికీ తమరికీ పోలిక తేవడం తప్పే అయినా తెస్తున్నాను. రాతిలో అక్కర్లేనిది తీసేసి లోపలి ముఖాన్ని బయటపెట్టడం శిల్పి పని. ముఖంలో అక్కర్లేనిదంతా తీసేసి లోపలి రాయిని బయటపెట్టడం తమరి విద్య. ఒక్క వేలితో కుడికి తోస్తే మచ్చ పోతుంది, ఇంకాస్త తోస్తే నవ్వినప్పుడు కంటి చివర పడే గీత పోతుంది, ఇంకాస్త తోస్తే తాతగారి నుంచి వచ్చిన దవడ పోతుంది. చివరికి మిగిలే ఆ నున్నటి, వయసు లేని, ఊరు లేని, వంశం లేని ముఖం ఇప్పుడు దేశమంతా ఒక్కటే. ప్రతి మదనికకూ వేరే ముఖం, వేరే నిలుపు పెట్టిన పూర్వ శిల్పుల దుబారాను ఇంత పొదుపుగా సరిదిద్దినవారు తమరే.

ముంజేతి కంకణానికి అద్దమెందుకని అడిగినవాళ్లు తమరి ముంజేతిని చూడలేదు. అద్దం లేని ముంజెయ్యి తమరికి లేనేలేదు. అద్దం అనగానే కర్ణాటకలోని బేలూరు తలపుకొస్తుంది. హొయ్సల విష్ణువర్ధనుడు 1117లో కట్టించిన చెన్నకేశవాలయంలో ఒక సుందరి చేతిలో అద్దం పట్టుకుని నిలబడి ఉంటుంది. దర్పణ సుందరి అంటారు. తొమ్మిది వందల ఏళ్లుగా తన ముఖం తాను చూసుకుంటోంది. అన్నేళ్లలో ఆమె ఒక్కసారి కూడా దాన్ని ఎవరికీ పంపలేదు, ఎందరు చూశారని లెక్కపెట్టలేదు, రాత్రి రెండింటికి లేచి మళ్లీ చూసుకోలేదు. అద్దం చేతిలో ఉండీ దానితో ఏం చేయాలో తెలియని ఆ అమాయకత్వాన్ని తమరు పెద్దమనసుతో క్షమించి, ఆమె పక్కన నిలబడి, అద్దం ఎలా పట్టుకోవాలో చూపించి వచ్చారు. ఆ గుడి శిల్పులు కొందరు తమ బొమ్మల అడుగున పేర్లు చెక్కుకున్నారు. బళ్లిగావె దాసోజ, అతని కొడుకు చావణ అలా మనకు తెలిసిన వాళ్లే. బొమ్మ పూర్తయ్యాక, దాని పాదాల కింద, వంగి చూస్తే గాని కనపడని చోట పేరు పెట్టుకోవడం ఎంత వెర్రితనం! తమరి పేరు ముందు, ముఖం తరువాత, బొమ్మ వీలైతే.

పైగా తమరి సమదృష్టి. రామప్ప నల్లరాయి, బేలూరు మెత్తరాయి, కేఫ్ బయట పెట్టిన ఫైబర్ ఏనుగు, అన్నింటి ముందూ తమరిది అదే పెదవి, అదే కన్ను, అదే రెండు వేళ్లు. పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్న సామెత ఎవరి గురించో ఇన్నాళ్లూ తెలియలేదు.

తమరి కీర్తి మన గుళ్లకే పరిమితం కాదు. తమరిని దెప్పిపొడవాలని పూనుకున్న శిల్పులు దేశదేశాల్లో ఉన్నారు. వాళ్ల గతి ఏమైందో చెప్పుకోవడం తమరి పరాక్రమానికి నిజమైన పద్దు. 1966లో వెనిస్ బినాలే కళాప్రదర్శన జరుగుతుండగా జపాన్ కళాకారిణి యాయోయి కుసామా పచ్చిక మీద 1500 అద్దపు గోళాలు పరిచింది. నీటిలో తన నీడనే మోహించి ఆ ఒడ్డునే కృశించిన గ్రీకు కుర్రవాడు నార్సిసస్ పేరు ఆ తోటకు పెట్టింది. మీ ఆత్మమోహం అమ్మకానికుంది అనే అర్థం వచ్చే బోర్డు పెట్టి, ఒక్కో గోళం 1200 లీరాలకు అమ్మబోతే నిర్వాహకులు ఆపించారు. ఆమెకు వ్యాపారం తెలియదు. మోహాన్ని కొనేవాడి దగ్గరే వెల అడిగింది. తమరు దాన్ని ఉచితంగా పంచిపెట్టి, చూసేవాడి పొద్దు తీసుకుని, ఆ పొద్దును సబ్బుల కంపెనీకి అమ్మి, ఆ సొమ్ముతో కొత్త ఫోన్ కొని మళ్లీ ఉచితంగా పంచిపెడతారు. అందాన్ని కొరుక్కు తింటామా అని అడిగిన అమ్మమ్మలు ఈ వంటకం రుచి ఎరగరు. ఆ తోట తరువాత స్టీలు గోళాలతో ఎన్నో ఊళ్లు చూసింది. ఏ గోళంలో చూసినా తమరే చేయెత్తి నిలబడి ఉంటారు, ఒక్క ఫోటోలో వందల సంఖ్యలో. విశ్వరూపం చూడడానికి అర్జునుడికి దివ్యచక్షువులు కావలసి వచ్చాయి. మాకు డేటా ప్యాక్ చాలు.

ఆమ్‌స్టర్‌డామ్ దీపాల పండుగలో 2018లో బ్రిటిష్ డిజైనర్ గలి మే లూకస్ ఒక బెంచీ పెట్టింది. దాని మీద ముగ్గురి బొమ్మలు, తలలు వంచి ఎవరి ఫోన్ వాళ్లు చూసుకుంటూ. చుట్టూ చలికాలపు చీకటి. ముఖాల మీద పడే వెలుగు ఆ ఫోన్లదే. పక్కవాడు ఉన్నాడన్న స్పృహ ముగ్గురిలో ఎవరికీ లేదు. మధ్యలో ఎవరైనా కూర్చునేంత చోటు వదిలారు. కూర్చున్నవాడికి అటూ ఇటూ ఉన్న ఒంటరితనం తగలాలని కాబోలు. తమరి వంశోద్ధారకులు వచ్చి కూర్చున్నారు, ఫోన్ తీశారు, నాలుగో బొమ్మగా అతుకు కనపడకుండా కుదిరారు. శిల్పి వదిలిన ఖాళీని ఇంత నిండుగా పూరించిన ప్రేక్షకులు ఏ కళకైనా దొరుకుతారా?

టెక్సస్‌లో, మన తెలుగువాళ్లు ఇళ్లు కట్టుకుని స్థిరపడ్డ షుగర్‌ల్యాండ్‌లో, టౌన్ స్క్వేర్ దగ్గర 2016లో ఒక కంచు విగ్రహం వెలిసింది. ఇద్దరమ్మాయిలు ఒకే ఫోన్‌లోకి నవ్వుతూ సెల్ఫీ దిగుతుంటారు. ఇదేం విగ్రహమని చాలామంది ముక్కు విరిచారు. మరి కొందరు వెళ్లి, సెల్ఫీ దిగుతున్న ఆ విగ్రహంతో సెల్ఫీ దిగారు. చూసేవాడూ చూపూ చూసే వస్తువూ ఒక్కటేనని వేదాంతులు గడ్డాలు నెరిసేదాకా చెప్పి చెప్పలేకపోయిన సంగతి తమరి మోచేయి మడతలో తేలిపోయింది. అదే ఊళ్లో అష్టలక్ష్మి ఆలయంలో 2024లో 90 అడుగుల హనుమంతుడు నిలిచాడు. తన బలం తనకు తెలియని దేవుడు ఆయన. జాంబవంతుడు పక్కన కూర్చుని గుర్తుచేస్తే గాని సముద్రం దాటగలనని తోచలేదు. తన గురించి తాను అంత తక్కువ తెలుసుకుని అంత దూరం ఎగిరిన ఆయన ముందు, తన గురించి తప్ప ఇంకేమీ తెలుసుకోకుండా నిలబడ్డ తమరి ఎత్తు కొలవడానికి నా దగ్గర అడుగులు లేవు.

షికాగోలో అనీశ్ కపూర్ చేసిన 'క్లౌడ్ గేట్' సంగతీ విన్నవించాలి. మబ్బుల్ని నేలకు దించాలన్నది ఆయన ఊహ. 168 స్టీలు పలకలు అతికి, అతుకు జాడ లేకుండా అద్దంలా మెరుగుపెట్టారు. కింది ఆరడుగుల మేర రోజుకు రెండుసార్లు చేత్తో తుడుస్తారు, అంతటి మక్కువతో తమరు వేలిముద్రలు అనుగ్రహిస్తారు కనుక. పైన ఆకాశం ఉన్న భాగానికి ఆ తుడుపు అక్కర్లేదు. దాన్నెవరూ ముట్టుకోరు.

ఇక తమరి త్యాగం. 2020 జులై 31న ఇటలీలో పొస్సాన్యో మ్యూజియంలో ఆంటోనియో కనోవా మలచిన పౌలీనా బోనపార్తె ప్లాస్టర్ విగ్రహం పక్కన ఒకరు ఆమెలాగే ఒరిగి ఫోటో దిగారు. లేచేసరికి ఆమె కాలివేళ్లు విరిగాయి. రెండు వందల ఏళ్లకు పైగా ఒరిగి ఉన్న స్త్రీకి కాస్త కదలిక తెప్పించిన ఘనత అది. 2016 మేలో లిస్బన్ రొస్సియో స్టేషన్ ముందు, నూరేళ్లు దాటి నిలబడ్డ రాజు సెబాస్టియన్ విగ్రహం పక్కకు ఒక యువకుడు సెల్ఫీ కోసం ఎక్కాడు. రాజు కిందపడి ముక్కలయ్యాడు. ఫోన్‌కు ఏమైందో పత్రికలు రాయలేదు, అంతా క్షేమమనే అనుకుందాం. రాయికి ప్రాణం పోస్తారని శిల్పుల్ని పొగుడుతూ వచ్చాం. ప్రాణం పోసి వదిలేయడం సగం పని. దాన్ని తిరిగి రాయిని చేసి ఆ పని ముగించేది తమరు.

తమరి దయ మా వీధికీ చేరింది. ఇంటర్ రెండో ఏడు చదివే పిల్ల ఒకతె ఉంది. మేనత్త పోలిక, అదే ముక్కు, అదృష్టమని ఇంట్లో మురిసిపోయేవారు. తమరి వీడియోలు రాత్రులు దుప్పటి కింద చూసిన పుణ్యాన అది ముక్కు కాదని, సరిచేయించుకోవలసిన పొరపాటని ఆ పిల్ల తెలుసుకుంది. మొన్న ఇంట్లో పెళ్లికి ఫోటో దిగమంటే చున్నీ అంచు ముఖానికి అడ్డంగా తెచ్చుకుంది. మేనత్త ఆమె పక్కనే ఉంది, అదే ముక్కుతో, నవ్వుతూ. ఆ నవ్వు ఎందుకు మధ్యలో ఆగిందో ఫోటోలో తెలియదు. ఒంటి తీరు గురించి దిగులుపడే టీనేజీ ఆడపిల్లల్లో ప్రతి ముగ్గురిలో ఒకరికి ఇన్‌స్టాగ్రామ్ ఆ దిగులును పెంచుతోందని ఆ కంపెనీ సొంత పరిశోధకులే రాసుకున్న కాగితాలు 2021లో బయటపడ్డాయి. ముగ్గురిలో ఒకరంటే తమరి శ్రద్ధకు తక్కువే. మిగిలిన ఇద్దరి కోసం తమరు ఇంకా నిద్ర మానుకుంటున్నారని నాకు తెలుసు. మన గుళ్లలో ముక్కు విరిగి, చేయి పోయి, రొమ్ము మీద గొడ్డలి దెబ్బతో కూడా ముఖం దాచుకోకుండా నిలబడ్డ బొమ్మలు ఎన్నో. తమరి పాఠశాలలో చేరలేదు కనుక వాటికి సిగ్గు రాలేదు.

పాలంపేటలో ఆ ఉదయానికే మళ్లీ వస్తాను, ఎందుకంటే తమరి రాజసం నాకు అక్కడే సంపూర్ణంగా దర్శనమైంది. వాకిలి పక్కన, ఆ ఎత్తు మడమల మదనిక సరిగ్గా తలపైకి వచ్చే చోట, ఏడెనిమిదేళ్ల పిల్లవాడు ఒకడు నిలబడి ఉన్నాడు. చేతిలో సగం తిన్న జామకాయ. తల పూర్తిగా వెనక్కి వంచేశాడు, నోరు తెరిచే ఉంది. జామకాయ సంగతి మర్చిపోయాడు. పక్కన నాయినమ్మ గోడకు ఆనుకుని కాళ్లు నొక్కుకుంటోంది.

"నాయినమ్మా, గామె జూడు. హీల్స్ ఏసుకున్నది!"

"ఏదిరా?"

"గదో, పైన. కాలు జూడు, మడిమె కింద ఎత్తుగున్నది."

ముసలామె లేచింది. కళ్లకు చేయి అడ్డం పెట్టుకుని చూసింది. ఇద్దరూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. పిల్లవాడు తన మడమలు ఎత్తి, ఒక చేయి నడుము మీద పెట్టి, ఆమెలా నిలబడబోయాడు. తూలి, మళ్లీ నిలబడ్డాడు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి రాతి నడుము ఒంపు ఆ చిన్న ఒంట్లోకి ఒక్క క్షణం వచ్చింది.

సరిగ్గా అప్పుడే తమరు వేంచేశారు. వెనక తమరి కెమెరామన్, ఆయన వెనక తెల్లటి రిఫ్లెక్టర్ పట్టుకున్న కుర్రాడు. తమరు కోపగించుకోలేదు. గొంతు కూడా పెంచలేదు. అంత సౌమ్యంగా ఆజ్ఞాపించగల ప్రభువులు అరుదు.

"బాబూ, కొంచెం పక్కకు జరుగమ్మా. ఫ్రేములో పడుతున్నావ్."

పిల్లవాడు జామకాయ పట్టుకుని నాయినమ్మ కొంగు వెనక్కు జరిగాడు. తమరు అతను నిలబడ్డ చోటనే నిలబడి, మదనికకు వెన్నిచ్చారు. ఫోటో చాలా బాగా వచ్చింది.